ముక్కు పోయిన మచ్చు మనిషి

మా షావుకారు గారి అమ్మాయి శ్రావణి పోయిన నెల ఫోన్ చేసింది. తండ్రి పోయాక మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఆ పిల్లే చూసుకుంటోంది.

"దేవదానం బాబాయ్, కొట్లో కొత్తవాళ్ళు చేరారు. మచ్చు తీసే పని గురించి రెండు పేజీలు రాసివ్వండి. మరీ పెద్దగా వద్దు. పాయింట్లుగా రాయండి, ఒకటి, రెండు, మూడు అని."

పాయింట్లట! నలభై ఏళ్ళు మిరపకాయల్లో బతికినవాణ్ణి పాయింట్లు రాయమంది. బస్సు టికెట్టు వెనక రాసివ్వమనలేదు, సంతోషం. నేను బడిలో చదివింది ఐదో తరగతి దాకానే. మిగతా చదువంతా గోనెసంచుల మీది రాతలు, పొట్లాలు కట్టొచ్చిన పాత పేపర్లు, చర్చిలో పాటల పుస్తకం కూడబలుక్కుని సొంతంగా నేర్చుకున్నది. ఆ చదువులో పాయింట్లు లేవు. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఓపికున్నవాళ్ళు చదువుకుంటారు. నా జీతం ఎప్పుడు పెరిగిందీ ఎంత పెరిగిందీ రాయను. రాసేంత పెరగలేదు.

ఇందులో కొట్లో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. పదకొండేళ్ళు దాచాను. మొన్న మా ఊళ్ళో మైకులో బయటపడింది. ఊరంతా విన్నాక ఇంక మీ దగ్గర దాచేదేముంది.

పని ఇదీ

మిరపకాయలు యార్డుకి టిక్కీల్లో వస్తాయి. టిక్కీ అంటే కాయలు తొక్కి నింపిన పెద్ద గోనెసంచి. కొనేవాడు సంచులన్నీ కుమ్మరించి చూడలేడు గనక ఒక గుప్పెడు తీసి చూస్తాడు. ఆ గుప్పెడే మచ్చు. అది తీసి, ఈ సరుకు సంగతి ఇదీ అని చెప్పేవాడు మచ్చు మనిషి. అదీ నా ఉద్యోగం.

మా బామ్మర్ది జోజిబాబు నాకు పెళ్ళయిన కొత్తలో అడిగాడు. "సంచిలో చెయ్యి పెట్టి తీయడమేగా బావా? దానికి నువ్వే కావాలా?" ముప్పై ఎనిమిదేళ్ళుగా చెబుతున్నాను. వాడికి ఇప్పటికీ ఎక్కలేదు. మీకన్నా ఎక్కుతుందేమో చూద్దాం.

సంచి పైభాగాన ప్రతి రైతూ మంచి కాయే పెడతాడు. అది మోసమని నేననను. పెళ్ళిచూపులకి చిరిగిన చొక్కా వేసుకుని ఎవరు పోతారు? అందుకని మోచెయ్యి దాకా లోపలికి పోనిచ్చి అక్కడ గుప్పెడు పట్టాలి. బయటికి తీశాక ముందు కంటితో చూడాలి, రంగెట్లా ఉంది, తాలు ఎంత ఉంది అని. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. తరవాత వేళ్ళతో వంచి చూడాలి. కాయ మెత్తగా వంగిందంటే లోపల నెమ్ము ఉంది. తరవాత చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి, తడి కాయ నోరు విప్పదు. ఆఖరికి ముక్కు. కాయ విరిచి, కళ్ళు మూసుకుని, మూడు లెక్కపెట్టేదాకా ఊపిరి పీల్చాలి. కల్లంలో ఎండకి ఎండిన కాయది ఒక వాసన. పట్టా కింద మగ్గినదానిది ఒకటి. బూజు తగిలినదానిది ఇంకొకటి. ఈ మూడింటికీ తేడా తెలిసినవాడి చుట్టూ యార్డులో పదిమంది మూగుతారు. వాడు కళ్ళు మూసుకున్న ఆ మూడు లెక్కల సేపూ రైతూ మాట్లాడడు, కొనేవాడూ మాట్లాడడు. అంత మర్యాద మా ఊరి సర్పంచికి కూడా లేదు.

ఇప్పుడు మీటరు వచ్చింది. సంచిలో గుచ్చితే నెమ్ము ఎంతో అంకె చెబుతుంది. దాని గురించి ఒక పేజీ తిట్లు రాద్దామనుకున్నాను. కానీ నా మొదటి తప్పు మీటరు చేసి ఉండేది కాదు. అది ఒప్పుకుని, తిట్లు ఆపుతున్నాను.

తడి చెయ్యి

నేను మొదట చేరింది మూటలు మోసే ముఠాలో. మోస్తూనే, మచ్చు తీసే పెద్దాయన చేతుల్ని మూడేళ్ళు కనిపెట్టి చూశాను. ఒకరోజు ఆయన రాలేదు. షావుకారు కోటయ్య గారు, అంటే శ్రావణి నాన్నగారు, "ఒరేయ్ దేవదానం, రోజూ మెడ సాచి చూస్తుంటావుగా, ఇవాళ నువ్వు తియ్యరా" అన్నారు.

అప్పుడే ఇడ్లీ తిని చెయ్యి కడుక్కున్నాను. పరుగున పోయాను. సరుకు ప్రకాశం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడది. నాలుగు సంచులు. మొదటిదాంట్లో చెయ్యి పెట్టి, కాయ నలిపి, "నెమ్ము బాగా ఉందండీ" అన్నాను. రెండోదాంట్లో పెట్టి, "ఇందులోనూ ఉందండీ." మూడోదాంట్లో, "కొంచెం నయం." నాలుగోదాంట్లో, "ఇది మాత్రం బ్రహ్మాండంగా ఎండిందండీ."

ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నా ముందుకొచ్చింది.

"ఏంది నాయనా, ఒకే కల్లం, ఒకే ఎండ, నేనూ నా కోడలూ కలిసి తిరగేసిన కాయ. మొదటి సంచి తడిసి, నాలుగోది ఎండిందా? వాన సంచి చూసుకుని కురిసిందా?"

షావుకారు గారు నా చెయ్యి పట్టుకుని చూశారు. దగ్గరికి లాక్కుని వాసన కూడా చూశారు.

"ఇడ్లీ తిన్నావా?"

"తిన్నానండీ."

"అల్లం చట్నీతో?"

"అవునండీ."

"కడుక్కున్నాక చెయ్యి తుడుచుకున్నావా?"

చెయ్యి వెనక్కి లాక్కోబోయాను.

"ఒరేయ్, నిన్ను కాయ సంగతి చెప్పమన్నాను. నువ్వు నీ చేతి సంగతి చెబుతున్నావు."

ముఠా అంతా మూటలు దించి మరీ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కొంగు చివర నా చేతికిచ్చి, "తుడుచుకో నాయనా. తుడుచుకుని మళ్ళీ చూడు" అంది. చూశాను. నాలుగు సంచులూ ఒకే తీరున గలగలమన్నాయి. నేను ఒక్క పూట షావుకారు మాట తలకెక్కి, రెండు నెలలు ఎండలో నిలబడ్డ మనిషి సరుకుని పాడు చెయ్యబోయాను. ఎవరి కాయలోనన్నా లోపం కనబడితే ముందు నా చెయ్యి చూసుకునే అలవాటు ఆ రోజు అయింది. శ్రావణమ్మా, పాయింటు కావాలన్నావుగా, ఇది ఒకటోది. రెండోది లేదు.

వెనక దారి, మూత

పెళ్ళయిన వారానికే మా ఆవిడ సువార్తమ్మ నాకు ఇంటి వెనక దారి చూపించింది. "నువ్వు ముందు గుమ్మంలోంచి వస్తే ఇల్లంతా తుమ్ముతోందయ్యా" అంది. వెనక వైపు ఒక బొక్కెన, కుంకుడుకాయ రసం, మేకుకి ఒక లుంగీ. విప్పిన బట్టలు విడిగా ఒక తొట్లో. ఆ పరీక్ష అంతా అయ్యాకే నన్ను మొగుడుగా లోపలికి రానిచ్చేది.

మా అమ్మాయి నిర్మల పుట్టాక రెండుసార్లు స్నానం చేసేవాణ్ణి. అలా చేసే మొదటిసారి బిడ్డని ఎత్తుకున్నాను. ఎత్తుకున్న నిమిషానికి మొహం ఎర్రగా చేసుకుని గుక్కపట్టింది. మా అత్తగారు నా మొహం చూసి జడుసుకుందని తీర్పు చెప్పింది. మొహం తప్పేమీ లేదు. వాచీ పట్టీ విప్పడం మరిచిపోయాను. దాని సందుల్లో వారం రోజుల కారం ఉంది. ఆ తరవాత రెండేళ్ళు నేను చెయ్యి చాపితే నా కూతురు ముందు నా మణికట్టు చూసేది.

మా ఇంట్లో నాకు దక్కిన గౌరవం ఒకటుంది. అది మూత.

పెళ్ళయిన కొత్తలోనే సువార్తమ్మ కూర గిన్నె మూతతో సహా తెచ్చి నా ముందు పెట్టి, "ఊళ్ళోవాళ్ళ సరుకంతా చూస్తావుగా, నా సరుకు చూసి చెప్పు" అంది. మూత తీశాను. కళ్ళు మూసుకున్నాను. మూడు లెక్కపెట్టాను. "చింతపండు ఒక పిసరు ఎక్కువైంది" అన్నాను. వేలుతో నాకి చూసుకుని, "నిజమే" అంది. కోపం రాలేదు. పైగా మొహం వెలిగింది. పుట్టింట్లో ఆమె వంటని అంత శ్రద్ధగా పట్టించుకున్నవాడు అంతకుముందు లేడట. ఆనాటి నుంచీ మా ఇంట్లో ప్రతి పూటా గిన్నె మూతతోనే వస్తుంది. నేను తీయాలి, నేను చెప్పాలి. అప్పటిదాకా ఎవరూ ముద్ద కలపకూడదు. చుట్టాలొచ్చినా అంతే. జోజిబాబు ఆకలికి ఆగలేక, "బావా, ఆ మూడు గబగబా లెక్కపెట్టు" అనేవాడు.

పాలు, ఎలక, డాక్టరు

ఇక దాచిన సంగతి.

పదకొండేళ్ళ కిందట ఒక ఆదివారం పొయ్యి పక్కన స్టూలు వేసుకుని పేపరు చదువుతున్నాను. సువార్తమ్మ వీధిలోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏందయ్యా, పాలు మాడి పక్కింటిదాకా కొడుతుంటే ఇక్కడే కూర్చుని చదువుతున్నావా?" చూద్దును గదా, గిన్నె నల్లగా ఉంది. పేపర్లో పడి చూసుకోలేదన్నాను. ఆమె నమ్మింది. నేను నమ్మలేదు. పేపరు చదివేది కళ్ళు. ముక్కు ఖాళీగానే ఉందిగా?

తరవాత బీరువా కింద ఎలక చచ్చింది. మూడు రోజులు ఇంటికొచ్చినవాళ్ళంతా గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. నేను ఆ బీరువాకి ఆనుకుని కూర్చుని హాయిగా పెరుగన్నం తిన్నాను. "నీ ఓపిక చల్లగుండా" అంది మా ఆవిడ.

ఎవరికీ చెప్పకుండా బ్రాడీపేటలో ముక్కు డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన ఒక సీసా మూత తీసి నా ముందు పెట్టాడు. "ఏం వాసన?"

"కాఫీ పొడండీ."

"భేష్. ఎట్లా ఉంది వాసన?"

"వాసన సంగతి తెలియదండీ. సీసా మీద రాసుంది."

కళ్ళకి గుడ్డ కట్టి నాలుగు సీసాలు పెట్టాడు. నాలుగింటికీ గాలి అని చెప్పాను. ఏం పని చేస్తారని అడిగితే, "మిరపకాయల వాసన చూస్తానండీ" అన్నాను. పాపం, పెద్ద చదువు చదివినవాడు, నవ్వాపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. అన్నేళ్ళ ఘాటుకి ముక్కు లోపల నరం అలిసిపోయింది, తిరిగి రావడం కష్టం అన్నాడు.

ఆటోలో ఇంటికొస్తూ ఆలోచించాను. కొట్లో చెబితే పని పోతుంది. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. మర్నాడు మధ్యాహ్నం గిన్నె వస్తుంది, మూతతో. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడుతుంది. నేనేం చెప్పాలి?

చెప్పాను. "ఆహా, ఏం వాసన" అన్నాను. మొదటి అబద్ధం గొంతులో అడ్డం పడింది. నెల తిరిగేసరికి నున్నగా జారడం మొదలుపెట్టింది.

ఏడేళ్ళ జలుబు

ముక్కు లేకుండా కొట్లో ఏడేళ్ళు పనిచేశాను. అది ఎట్లాగో రాస్తాను, ఎందుకంటే మిగతా పనంతా అందులోనే ఉంది. కన్ను, వేళ్ళు, చెవి రెట్టింపు కష్టపడ్డాయి. ఇదివరకు ఒక కాయ ఊపేవాణ్ణి, ఇప్పుడు ఐదు ఊపాను. ముక్కు వంతు వచ్చేసరికి కాయ విరిచి, కళ్ళు మూసుకుని, మూడు లెక్కపెట్టి, రెండో సగం రైతు చేతిలో పెట్టి, "నువ్వే వాసన చూసి చెప్పవయ్యా, ఎట్లా ఉంది?" అనేవాణ్ణి. సరుకు మంచిదైతే రైతు మొహం విప్పారుతుంది. మగ్గిన సరుకైతే, "మీకు తెలియందేముందండీ" అని పక్కకి చూస్తాడు. రైతుకి గౌరవం ఇస్తున్నానని యార్డులో నాకు పేరొచ్చింది. నేను వాళ్ళ ముక్కు అరువు తీసుకుంటున్నాను, అంతే.

ఒక్కసారి దొరికిపోయాను. వానాకాలంలో గోడౌను నుంచి వచ్చిన సరుకు. రంగు మిలమిలా ఉంది, గింజ గలగలా ఉంది, తెచ్చినవాడు మొహంలో ఏమీ కనిపించనీయని రకం. బాగుందన్నాను. షావుకారు గారు అటు పోతూ ఆగి, ఒక కాయ విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కాయ కింద పెట్టి నా వైపు చూశారు.

"దేవదానం, జలుబు చేసిందా?"

"అవునండీ."

"బూజు వాసన గుప్పున కొడుతోంది. సరే, జలుబు తగ్గేదాకా ఆ గోడౌను సరుకు నాకు చూపించి చెప్పు."

ఆ జలుబు నేను రిటైరయ్యేదాకా తగ్గలేదు. ఆయనా మళ్ళీ తగ్గిందా అని అడగలేదు. ఎండాకాలం నడిమధ్యన కూడా, "ఏమిరా, జలుబు ఎట్లా ఉంది?" అనేవారు. "అట్లాగే ఉందండీ" అనేవాణ్ణి. కోపం వస్తే పది కొట్లకి వినబడేలా అరిచే మనిషి ఆ ఒక్క మాట మాత్రం గొంతు తగ్గించి అడిగేవారు. ఇలాంటి యజమాని దొరికితే వదలకండి. దొరక్కపోయినా, ముక్కు పోయిన రోజే చెప్పేయండి. నేను చెప్పకపోవడం తప్పు. ఆయన చూసి ఉండకపోతే ఆ బూజు ఎవరింటి కూరలోకి పోయేదో.

పిల్లి సాక్ష్యం

మా చర్చిలో ఏటా కోత పండుగ జరుగుతుంది. ఎవరి చేలో పండింది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు, ప్రార్థన అయ్యాక అక్కడే వేలం. పత్తి, వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు, అన్నీ ఉంటాయి. మిరపకాయల సంచి వంతు వచ్చేసరికి పాస్టరు గారు మైకులో, "దేవదానం గారూ, ముందుకి రండి" అంటారు. నేను మచ్చు తీసి, వాసన చూసి, మైకులో రెండు మాటలు చెప్పాలి. తరవాతే వేలం పాట మొదలవుతుంది. ఏడాదికోసారి నేను మైకు పట్టుకునేది అప్పుడే. ఇస్త్రీ చొక్కా దానికోసమే ఉంది.

ఈ ఏడాది వచ్చిన ఒకే ఒక మిరపకాయల సంచి మా జోజిబాబుది. కౌలు చేలో పండించాడు. చెయ్యి పెట్టాను. రంగు బాగుంది. గింజ పలికింది. కాయ విరిచి, కళ్ళు మూసుకుని, మూడు లెక్కపెట్టి, మైకు దగ్గరికి తీసుకున్నాను.

"ఎండ వాసన, కల్లం వాసన! కల్తీ లేని వాసన!"

కళ్ళు తెరిచాను. ముందు వరసలో ఆడవాళ్ళంతా కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. పాస్టరు గారు ఒక అడుగు వెనక్కి వేశారు. అమ్మగారు, అంటే ఆయన భార్య, దగ్గుతున్నట్టు నవ్వుతున్నారు. చర్చి వెనక వంటపాకలో తిరిగే పిల్లి నడవలోంచి తిన్నగా నడిచొచ్చి, సంచి వాసన చూసి, దాన్ని ఆనుకుని కూర్చుని మ్యావ్ అంది. మైకు పక్కనే ఉంది గనక అదీ ఊరంతా వినబడింది. పిల్లి మిరపకాయల్ని ప్రేమించడం నా నలభై ఏళ్ళ సర్వీసులో చూడలేదు.

"బావా," అన్నాడు జోజిబాబు చిన్నగా, "మా ఆవిడ ఆ సంచిని వారం రోజులు ఎండుచేపల గంప పక్కన పెట్టిందంట. నాకు ఇప్పుడే చెప్పింది."

అప్పటికీ తప్పించుకునే దారి ఉంది. వాడే అందించాడు కూడా. "బావకి జలుబండీ!" అని అరిచాడు. ఏడేళ్ళు కాచిన జలుబు ఇంకోసారి కాచేదే. కానీ వెనక బెంచీల్లోంచి ఒక గొంతు లేచింది. "జలుబేం కాదు. బామ్మర్ది సరుకని పాసు చేశాడు!" నలుగురు అవునన్నారు.

అది నాకు తగిలింది. తడి చేత్తో తప్పు చెప్పినవాణ్ణే. బూజు సరుకు పాసు చేసినవాణ్ణే. కానీ మనిషిని చూసి కాయ సంగతి చెప్పిన రోజు ఒక్కటి లేదు. మా సొంత అన్న సరుకుని పదిమందిలో తాలు అని చెప్పి, ఏడాది మాటల్లేకుండా ఉన్నవాణ్ణి. ముక్కు లేనివాడు అనిపించుకోవడమా, పక్షపాతం గలవాడు అనిపించుకోవడమా? మైకు ఇంకా నా చేతిలోనే ఉంది.

"ఎవడ్రా ఆ మాటన్నది? నాకు జలుబూ లేదు, బామ్మర్దీ లేడు. అసలు నాకు ముక్కే లేదు! పదకొండేళ్ళయింది వాసన తెలిసి. చచ్చిన ఎలకకీ సాంబ్రాణికీ తేడా తెలియదు. డాక్టరు రాసిచ్చిన చీటీ ఇంట్లో ఉంది, కావాలంటే చూపిస్తా!"

ముందు వెనక బెంచీలు నవ్వాయి. తరవాత చర్చంతా. జోజిబాబు, "బామ్మర్ది లేడంటావేంటి బావా" అని అదొక గొడవ. పాస్టరు గారు ఎంతో మర్యాదగా మైకు నా చేతిలోంచి తీసుకున్నారు. నాకు గుండెల మీది మూట దిగినట్టనిపించింది. ఆ హాయిలో ఆడవాళ్ళ వైపు చూశాను.

సువార్తమ్మ నవ్వడం లేదు. వేళ్ళ మీద ఏదో లెక్కపెడుతోంది.

మూత లేని గిన్నె

సువార్తమ్మ దారంతా నాకంటే పదడుగులు ముందు నడిచింది. ఇంటికొచ్చాక గుమ్మంలో నిలబడి అడిగింది.

"పదకొండేళ్ళా?"

"అవును."

"నిర్మల సీమంతానికి నేను చేసిన పులిహోరకి, వాసన వీధి చివరిదాకా వస్తోందన్నావు."

నేలవైపు చూశాను.

"నిన్న గోంగూరకి?"

వంగి చెప్పులు విప్పుకోసాగాను.

"రోజూ నడుం మీద చెయ్యి పెట్టుకుని నీ ముందు నిలబడ్డాను కదయ్యా, పిచ్చిదానిలాగా."

మర్నాడు మధ్యాహ్నం గిన్నె వచ్చింది, మూత లేకుండా. వంటింట్లోనే తీసేసి తెచ్చింది. పెట్టి వెళ్ళిపోయింది. ఆ పూట, ఆ రాత్రి, మర్నాడు, అంతే. తిట్టింది లేదు, అలిగి అన్నం మానింది లేదు. కూర ఎప్పటిలాగే ఉంది. మూత ఒక్కటే లేదు. తొమ్మిది రోజులు అట్లా తిన్నాను. నలభై ఏళ్ళ ఉద్యోగం వదిలిన రోజున కూడా నాకు అంత రిటైరైనట్టు అనిపించలేదు.

పదో రోజు పొద్దున అరుగు మీద వీధి వైపు తిరిగి కూర్చున్నాను. లోపల వంట చేస్తోంది. ఉండబట్టలేక అరిచాను.

"నూనె సరిగ్గా కాగకుండానే ఆవాలు వేశావు!"

లోపల గరిటె ఆగింది.

"ఎవరు చెప్పారు?"

"ఒకటొకటిగా చిట్లుతున్నాయి. కాగితే అన్నీ ఒక్కసారి చిట్లుతాయి. ఎండుమిర్చి మూడు వేశావు. రెండు తుంచావు, ఒకటి తుంచకుండా వేశావు."

కాసేపటికి గుమ్మంలోకి వచ్చింది, గరిటెతో సహా.

"కూరేంటో చెప్పు చూద్దాం."

"బెండకాయ. గరిటె బరువుగా ఈడుస్తోంది, ఇంకా జిగురు వదల్లేదు. నిన్నటి కాయలు, కొంచెం ముదురు. కోసేటప్పుడు కత్తి నొక్కుతున్న చప్పుడు విన్నా."

"మరి రోజూ వాసన బాగుందని ఎందుకన్నావు?"

"కూర చప్పుడు బాగుందంటే నువ్వు ఊరుకుంటావటే?" అన్నాను. "బాగుందని తెలిసే అన్నాను సువార్తా. నిర్మల సీమంతం రోజు పులిహోర పోపు చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. వాసనన్న మాట ఒక్కటే అబద్ధం."

లోపలికి పోయింది. ఆ మధ్యాహ్నం గిన్నె మూతతో వచ్చింది. ముందు తానే మూత తీసి, వంగి ఆవిరి మీద మొహం పెట్టి, "పోపు వాసన, వెల్లుల్లి వాసన. వెల్లుల్లి కొంచెం ఎక్కువైంది" అని చెప్పింది. తరవాత నేను నా సంగతి చెప్పాను. ఇప్పుడు మా ఇంట్లో రోజూ అంతే, ముక్కు ఆమెది, చెవి నాది. జోజిబాబు భోజనానికొస్తే ఇద్దరి రిపోర్టులూ అయ్యేదాకా ఆగాలి. వాడి బాధ వాడిది.

ఇది రాయడం మొదలుపెట్టిన రోజు మధ్యాహ్నం నిర్మల ఫోన్ చేసింది. తల్లీకూతుళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. పొయ్యి మీద వంకాయ కూర చప్పుడు మెల్లగా మారింది, తరవాత మానేసింది. తరవాత గరిటెతో అడుగు గీకిన చప్పుడు. నేను కాగితాల మీద నుంచి తల ఎత్తలేదు.

గిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఈసారి వాసన చెప్పలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, "ఊఁ, చెప్పు" అంది.

మూత తీశాను. కళ్ళు మూసుకున్నాను. మూడు లెక్కపెట్టాను.

"ఎండ వాసన, కల్లం వాసన. కల్తీ లేని వాసన."

గరిటె ఎత్తి కొట్టబోయి, నవ్వొచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. నవ్వు అయ్యాక కూర్చుని, మాడిన వైపంతా నా కంచంలోనే వేసింది.

తిన్నాను. ఉప్పు సరిపోయింది.